వృత్తి ఛాయాగ్రహణం – మూడో పాఠం: రెండో కెమెరాగా తొలి పెళ్లి

మొదటి రెండు పాఠాలలో కెమెరాను చేతికి అలవాటు చేసుకోవడం గురించి, వెలుతురును గమనించడం గురించి చెప్పుకున్నాం. ఇక సంపాదన మొదలయ్యే చోటికి వద్దాం. ఫొటోగ్రఫీని వృత్తిగా చేపట్టదలచినవారికి తెలుగునాట తొలి బడి పెళ్లి మండపమే. అయితే సొంతంగా ఆర్డరు ఒప్పుకోవడానికి ముందు, అనుభవమున్న ఫొటోగ్రాఫర్ వెంట రెండో కెమెరాగా కనీసం పది పెళ్లిళ్లకు వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. దాటిపోయిన ముహూర్తాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. ఉన్న ఉద్యోగాన్ని వెంటనే వదలనక్కరలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ సైతం ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేస్తూనే ఈ విద్య నేర్చుకున్నారు.

జీలకర్ర–బెల్లం ఘట్టాన్ని తీసుకుందాం. సుముహూర్త సమయానికి, మధ్యలో తెర ఉండగానే, వధూవరులు ఒకరి తలపై ఒకరు చేయి పెడతారు. తెర తొలగగానే చూపులు కలుస్తాయి, మేళం జోరందుకుంటుంది, అక్షతలతో బంధువులు ముందుకు వస్తారు. ప్రధాన ఫొటోగ్రాఫర్ ఎదురుగా ఉంటారు కాబట్టి మీరు ఆయనకు అడ్డు రాకుండా పక్కగా, పీటల ఎత్తుకు మోకాళ్లపై కూర్చుని, కాస్త దూరం నుంచే దగ్గరగా చూపే 85 మి.మీ. లెన్సుతో మొదట వేళ్ల కింద అణిగిన జీలకర్ర ముద్దను, ఆ వెంటనే పెళ్లికూతురి తల్లి ముఖాన్ని తీయాలి. నా తొలి పెళ్లిలో నేను తెర పట్టుకున్నవారి మోచేతి వెనక నిలబడి, ఆ ఘట్టంలో పనికొచ్చే చిత్రం ఒక్కటీ తీయలేకపోయాను. అప్పటినుంచి తెర పట్టేదెవరో, ఎటు నిలబడతారో ముందే అడిగి తెలుసుకుంటున్నాను. పురోహితుణ్ణి ఆపి, ఫొటో కోసం మళ్లీ చేయించడం మాత్రం నేను ఎన్నడూ ఒప్పుకోను.

తలంబ్రాలు గాలిలో గింజ గింజగా నిలిచినట్లు కనిపించాలంటే షట్టర్ వేగం (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) 1/500 సెకనుకు తగ్గకూడదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక నాసిరకం ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. అంత వేగంలో చిత్రంపై అడ్డచారలు పడవచ్చు. ముహూర్తానికి ముందే ఒక చిత్రం తీసి చూసుకుని, చారలు కనిపిస్తే వేగాన్ని 1/100కు దించి, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) తగ్గించి, గింజలను నిలిపే పని ఫ్లాష్‌కు అప్పగించాలి.

కార్డు స్లాట్లు రెండు ఉంటే ప్రతి చిత్రం రెంటిలోనూ నమోదయ్యేలా అమర్చుకోండి. ఇంటికి రాగానే రెండు వేర్వేరు హార్డ్ డిస్కులలోకి కాపీ చేసి, ఫైళ్లను తెరిచి చూసేవరకు కార్డును ఫార్మాట్ చేయకండి.

హక్కుల సంగతి కూడా తెలిసి ఉండాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తొలి హక్కుదారు తీయించుకున్నవారే. అందువల్ల మీ పనిని ఇతరులకు చూపుకోవడానికి ప్రధాన ఫొటోగ్రాఫర్ ద్వారా ఆ కుటుంబం అనుమతిని ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ వారం అభ్యాసం: నేలపై దుప్పటి పరచి, ఇంట్లో ఒకరిచేత గుప్పెడు బియ్యం పైనుంచి పోయించండి. ట్యూబ్‌లైటు కింద ఒకసారి, ఎల్‌ఈడీ బల్బు కింద ఒకసారి, 1/100, 1/250, 1/500, 1/1000 వేగాలతో తీసి, గింజ ఎక్కడ గీతగా సాగిందో, చారలు ఏ దీపం కింద పడ్డాయో నోటుపుస్తకంలో రాసుకోండి.