మునిగిన ఓడలోకి దూరే ముందు ఇవి చూసుకోండి

చెన్నై నుంచి ఈ ఆదివారం డైవింగ్‌కి వెళ్తున్న మనవాళ్ల కోసం రాస్తున్నా, పడవ ఎక్కకముందే చదవండి.

ముందు గాలి సంగతి. సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్ ఉంటే లోపలికి వెళ్లడానికి మూడో వంతే వాడాలి, గేజ్ 135 చూపించగానే లోపల ఎంత బాగున్నా వెనక్కి తిరగాల్సిందే. ఇంకో వంతు బయటికి రావడానికి, మిగిలింది మీకో మీ జోడీకో ఆపదొస్తే. 30 మీటర్ల లోతులో ఒత్తిడి పైకంటే నాలుగు రెట్లు, గాలీ అంతే త్వరగా అయిపోతుంది.

దారం బయటే గట్టిగా కట్టి, విప్పుకుంటూ వెళ్లండి. కాలు ఒక్కసారి గట్టిగా ఆడిస్తే చాలు, తుప్పూ బురదా లేచి టీలో పాలు పోసినట్టు అయిపోతుంది. నాకోసారి మాస్కుకి ఆనించుకున్న గేజ్ అంకెలే కనపడలేదు, వేళ్ల మధ్య దారం ఉంది కాబట్టి బయటికొచ్చాను.

లైట్లు మనిషికి మూడు. కత్తి చేతికందే చోట ఉండాలి, ఎందుకంటే ఓడలకు చిక్కి తెగిపోయిన వలలు నీళ్లలో కంటికి ఆనవు.

లోతులో మత్తుగా, అకారణంగా హుషారుగా అనిపిస్తే అది నైట్రోజన్ పని, వెంటనే కొంచెం పైకి రండి. ఓపెన్ వాటర్ కార్డు (డైవింగ్‌లో మొదటి స్థాయి సర్టిఫికెట్) ఒక్కటే ఉన్నవాళ్లు దయచేసి ఓడ లోపలికి వెళ్లొద్దు, బయటి నుంచే చూడండి.

సాయంత్రమే హైదరాబాద్ ఫ్లైట్ బుక్ చేసుకున్నారా? మార్చుకోండి, డైవ్ చేశాక విమానం ఎక్కాలంటే కనీసం 24 గంటలు ఆగాలి.