తెర మీద బాగున్న మ్యాపు అచ్చులో ఎందుకు పాడవుతుంది?

మ్యాపు అందంగా అచ్చు వేయాలంటే ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలనుకుని చాలామంది మొదట్లోనే ఆగిపోతారు. నా పనంతా ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌తోనే జరుగుతోంది. మీరు ఏది ఎంచుకున్నా ముందు ఒకటి చూడండి: కాగితం కొలతతో పేజీ కూర్చుకునే చోటు అందులో విడిగా ఉందా, అక్కణ్నుంచి పీడీఎఫ్ తీయవచ్చా? క్యూజీఐఎస్‌లో దీన్ని ప్రింట్ లేఅవుట్ అంటారు.

సమస్య: గీతలు, పేర్లు మసకగా వచ్చాయి

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. వెబ్ మ్యాపును స్క్రీన్‌షాట్ తీసి పెద్దది చేసి ఉంటారు. ఏ3 కాగితం నిండాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 3508 × 4961 పిక్సెళ్లు కావాలి. ఫుల్ హెచ్‌డీ తెరలో ఉండేవి 1920 × 1080 మాత్రమే.

బొమ్మ బదులు వెక్టర్ డేటా, అంటే ఎంత పెద్దది చేసినా మసకబారని గీతల రూపంలోని సమాచారం, తెచ్చుకోండి. దేశాలు, ఖండాల మ్యాపులకు నేచురల్ ఎర్త్ అనే ఉచిత డేటా చాలు, హక్కుల బెడద కూడా లేదు. వీధుల దాకా కావాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. అది వాడినప్పుడు మ్యాపు అంచున వాళ్ల పేరు వేయడం తప్పనిసరి.

సమస్య: తెలుగు పేర్లలో ఒత్తులు విడిపోయాయి

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఎంత శ్రమపడి రంగులు కూర్చినా ఊరి పేరు ముక్కలైతే ఇక ఆ మ్యాపును ఎవరికి చూపిస్తాం? సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అక్షరాలు కలపడం రాకపోవచ్చు, లేదా ప్రెస్సులోని కంప్యూటర్‌లో మన ఫాంట్ లేకపోవచ్చు.

అందుకే డబ్బు కట్టకముందే ట్రయల్ కాపీలో 'రాష్ట్రం', 'స్త్రీ' అని టైపు చేసి పీడీఎఫ్ తీసి చూడండి. క్యూజీఐఎస్‌లో ఎగుమతి చేసేటప్పుడు అక్షరాలను పాత్‌లుగా మార్చే ఎంపిక ఉంటుంది. అప్పుడు అక్షరాలు గీసిన బొమ్మల్లా మారతాయి, ప్రెస్సులో ఫాంట్‌తో పని ఉండదు. కాకపోతే ఆ పీడీఎఫ్‌లో అచ్చుతప్పు దిద్దలేం. ప్రూఫు ముందే చూసుకోండి.

సమస్య: కొండల నీడలు బురదలా వచ్చాయి

తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. పైగా బూడిదరంగు హిల్‌షేడ్‌ను (కొండల నీడల పొరను) పారదర్శకంగా పైన పరిస్తే కింది రంగులు చచ్చిపోతాయి. ఆ లేయర్‌కు బ్లెండింగ్‌లో (పొరల రంగులు కలిసే తీరులో) 'మల్టిప్లై' పెట్టి, వెలుతురు కాస్త పెంచండి. ఆ భాగం పిక్సెళ్లుగా మారుతుంది కాబట్టి రిజల్యూషన్ 300కి తగ్గనీయకండి.

సమస్య: ప్రాంతం సాగినట్టు ఉంది

గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతిని ప్రొజెక్షన్ అంటారు. మీరు వెబ్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో ఉండిపోయారు. అందులో 60 డిగ్రీల అక్షాంశం దగ్గర దూరాలు రెండింతలుగా కనిపిస్తాయి. చిన్న ప్రాంతానికైతే యూటీఎం అనే ప్రొజెక్షన్‌లో ఆ ప్రాంతం పడే జోన్‌కు (నిలువు పట్టీకి) మారండి.

సమస్య: సన్న గీతలు మాయమయ్యాయి

క్యూజీఐఎస్‌లో గీత మందం మామూలుగా మిల్లీమీటర్లలోనే ఉంటుంది. 0.1 ఉన్నవాటిని 0.2 చేయండి. తర్వాత పేర్లు బాగా కిక్కిరిసిన చోటు నుంచి అరచేయంత ముక్కను అసలు సైజులోనే, అసలు కాగితం మీదే ప్రింటు తీసి, చేయి చాచినంత దూరంలో పట్టుకుని చదవండి.