పాత నెట్‌వర్క్‌లో కొత్త మార్పు ఎక్కడ ఆగుతుంది, ఎలా దాటించాలి

ఫోన్ లైన్ల మీద సందేశాలు దాటించిన ఫిడోనెట్, హామ్ రేడియో మీద డేటా పంపే ప్యాకెట్ రేడియో, డెక్ కంపెనీ కంప్యూటర్లను కలిపిన డెక్‌నెట్ లాంటి పాత నెట్‌వర్క్‌లను ఇష్టంతో నడుపుకునేవాళ్ల ముందు కొత్త ప్రతిపాదన పెడితే మొదట వచ్చే జవాబు "అలా మారిస్తే పాత ప్రోగ్రాములు పనిచెయ్యవు" అనే. దాన్ని మొండితనం అనుకోకండి. చాలాసార్లు అది నిజం. ఏ బైట్ దగ్గర నిజమవుతుందో పట్టుకోవడమే మొదటి పని.

1984లో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టిన ఫిడోనెట్‌లో సందేశం అమరిక దాదాపు అప్పటిదే. విషయానికి 72 బైట్లు, పేరుకు 36, ప్యాకెట్ పాస్‌వర్డ్‌కు 8, సంవత్సరానికి రెండే అంకెలు. పంపే ప్యాకెట్ ఎన్నో చేతులు మారుతుంది. చివర దాన్ని తెరిచే ప్రోగ్రాంకు ఏమేం తెలుసో ముందుగా అడిగే వీలు లేదు. ఆ ప్రోగ్రాముల్లో చాలావాటికి సోర్స్ దొరకదు, డాస్ ఫైలు మాత్రమే మిగిలింది. అందుకే దారిలో ఉన్న అతి పాత ప్రోగ్రాం ఎంత మోయగలదో నెట్‌వర్క్ అంతే మోస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ 8డి (హెక్సాడెసిమల్ అంకెల్లో రాసిన విలువ) అనే బైట్. పాత ప్రమాణంలో దాన్ని 'మెత్తని' లైన్ మలుపుగా లెక్కేసి వదిలెయ్యమన్నారు. ఏ బైట్ ఏ అక్షరమో చెప్పే, రష్యన్లు వాడిన 866 కోడ్‌పేజీలో పెద్ద అక్షరం 'ఎన్' సరిగ్గా అదే బైట్. అది మాయమవుతుంటే, చూపుకు అలాగే ఉండే లాటిన్ 'హెచ్' పెట్టి నెట్టుకొచ్చారు. తెలుగుకు ఆ ఉపాయం కుదరదు: యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రాత పద్ధతిలో పొల్లు అంటే ఇ0, బి1, 8డి. చివరి బైట్ పోతే ప్రతి ఒత్తూ చెడుతుంది. సందేశంలో 'సీహెచ్ఆర్ఎస్' గుర్తు పెట్టి యూటీఎఫ్-8 అని చెప్పినా, ఆ గుర్తు తెలియని ప్రోగ్రాం 8డిని తీసే తీరుతుంది.

కాబట్టి వాదనకు దిగేముందు పరీక్ష పెట్టండి. నెలరోజుల సందేశాల్లోని సందేశం రాసిన, దాటించిన ప్రోగ్రాముల పేర్లు చెప్పే పీఐడీ, టీఐడీ వరసలను, అడుగున ప్రోగ్రాం పేరుతో ఉండే టియర్‌లైన్‌ను చూసి ఎవరు ఏ ప్రోగ్రాం వాడుతున్నారో జాబితా రాసుకోండి. బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా మూడు నోడ్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో కంప్యూటర్) పెట్టండి: రెండు చివరలా కొత్త ప్రోగ్రాం, నడుమ డాస్ ఎమ్యులేటర్‌లో జాబితాలోని అతి పాతది. పాతదాన్ని చివర పెడితే సరిపోదు. చదవడంలో తప్పు అక్కడికక్కడే కనిపిస్తుంది, కానీ ముందుకు పంపడంలో జరిగిన తప్పు తర్వాతి నోడ్‌లో గానీ బయటపడదు.

80 నుంచి ఎఫ్ఎఫ్ వరకు ఒక్కో బైట్‌కు ఒక్కో వరసగా 128 వరసల సందేశం పంపి, చేరినదాన్ని బైట్ బైట్‌గా పోల్చండి. తర్వాత 8, 16, 32, 64 కేబీ సందేశాలు పంపి ఎక్కడ తెగుతుందో చూడండి. ఒక్కో సందేశానికి ఉండే ప్రత్యేక గుర్తు ఎంఎస్‌జీఐడీ దారిలో మారుతోందా అన్నది మరిచిపోకండి. మారితే నకళ్లను పట్టే చోట అది కొత్త సందేశంలా దాటిపోతుంది.

మార్పును ఎక్కడ పెట్టాలన్నదే అసలు తెలివి. సందేశంలో ఉన్న గడిని (72 బైట్ల విషయం లాంటిదాన్ని) పెంచబోతే ఓడిపోతారు. ఫిడోనెట్‌లో జోన్ (ప్రపంచ ప్రాంతం), పాయింట్ (నోడ్ కింద ఉండే వాడుకరి) చిరునామాలు 01 బైట్‌తో మొదలయ్యే నియంత్రణ వరసల్లో దూరాయి, పాత ప్రోగ్రాములు వాటిని మామూలు వాక్యాల్లాగే మోసుకెళ్లాయి. ప్యాకెట్‌ను ముట్టుకోకుండా రవాణాను మార్చింది కాబట్టే ఇంటర్నెట్‌లో టీసీపీ 24554 పోర్ట్ మీద నడిచే బింక్‌పీ నిలబడింది. ప్యాకెట్ రేడియోలో ఎఫ్ఎక్స్.25 కూడా అంతే: ప్యాకెట్ రేడియో మామూలు ప్రొటోకాల్ ఏఎక్స్.25 ఫ్రేంను (ఒక విడత డేటాను) ఉన్నదున్నట్టు ఉంచి చుట్టూ తప్పులు దిద్దే బైట్లు చేరుస్తుంది, పాత మోడెం ఆ అదనాన్ని రొదగా భావించి లోపలి ఫ్రేంను చదువుకుంటుంది. డెక్‌నెట్ ఫేజ్ 4లో 16 బిట్ల చిరునామా నుంచే ఈథర్‌నెట్ చిరునామా పుడుతుంది, కాబట్టి దాన్ని వెడల్పు చేసే ఆలోచన వదిలేసి, కింద టన్నెల్ (ఆ డేటాను వేరే నెట్‌వర్క్ లోపల పెట్టి మోసే దారి) మార్చుకోవడమే మేలు.

ఇక నియమాల చిక్కు. ఫిడోనెట్ ప్రమాణాల కమిటీ ఇప్పటికే వాడుకలో ఉన్నదాన్నే ప్రమాణంగా రాస్తుంది. ప్రమాణం లేనిదే కొందరు వాడరు. ఈ ముడి పత్రంతో విడిపోదు. వేర్వేరు మనుషులు రాసిన రెండు ప్రోగ్రాములు ముందు మాట్లాడుకోవాలి. మీ మార్పు మొదట ఆఫ్‌లోనే ఉండాలి, లింక్ వారీగా ఆన్ చేసుకునేలా ఇవ్వండి. సోర్స్‌తో పాటు మీ పరీక్ష ప్యాకెట్లు కూడా పెట్టండి, మూడో మనిషి మిమ్మల్ని అడగకుండానే తన ప్రోగ్రాంను సరిచూసుకోగలుగుతాడు.