పథకం డబ్బు ఏ బ్యాంకులో పడిందో మీరే కనుక్కోండి

పీఎం కిసాన్ రెండు వేలు పడిపోయాయని సచివాలయంలో చెబుతారు. పాస్‌బుక్కులో ఎంట్రీ వేయిస్తే ఏమీ కనబడదు. బ్యాంకులో అడిగితే, ‘మీ ఆధార్ లింక్ అయ్యే ఉంది, సచివాలయానికే వెళ్లండి’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చిక్కంతా ‘లింక్’ అన్న మాటలో ఉంది.

ఖాతా తెరిచినప్పుడు ఆధార్ జిరాక్సు ఇచ్చి కేవైసీ (మీరెవరో బ్యాంకు నిర్ధారించుకోవడం) చేయించారు కదా, అది ఒక లింకు. పథకాల డబ్బుకు అదొక్కటే చాలదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర మ్యాపర్ అనే పట్టిక ఉంటుంది. అందులో మీ ఆధార్ నంబరు ఎదురుగా ఒకే ఒక్క బ్యాంకు ఉంటుంది. ఆధార్ మీద పంపిన డబ్బు నేరుగా ఆ బ్యాంకుకే పోతుంది. దరఖాస్తులో మీరు రాసిన ఖాతా నంబరుకూ, ఐఎఫ్‌ఎస్‌సీకీ ఆ దారిలో పనే లేదు. ఒకే బ్యాంకులో రెండు ఖాతాలుంటే దేనిలో వేయాలో ఆ బ్యాంకే తేల్చుకుంటుంది. ఆ పట్టికలో బ్యాంకు పేరు ఎక్కించడాన్నే సీడింగ్ అంటారు. ఆఖరున ఎక్కడ సీడింగ్ చేయిస్తే ఆ బ్యాంకే నిలుస్తుంది, పాతది చెరిగిపోతుంది.

అది తెలియకుండానే మారిపోతుంటుంది. శ్రీకాకుళం జిల్లా సోంపేట, కవిటి వైపు నుంచి హైదరాబాదుకో చెన్నైకో పనికెళ్లినవాళ్లకు అక్కడ జీతం కోసం కొత్త ఖాతా తెరిపిస్తారు. ఆ ఫారంలో సబ్సిడీలు ఈ ఖాతాకే రావాలన్న గడిలో టిక్కు పడిందా, ఊళ్లో రావాల్సిన డబ్బు అటు మళ్లినట్టే. 2017లో ఒక టెలికం సంస్థ సిమ్ ధ్రువీకరణతో పాటే పేమెంట్స్ బ్యాంకు ఖాతాలు తెరిచేస్తే, చాలామంది గ్యాస్ సబ్సిడీ వాళ్లకు తెలియకుండానే అందులోకి పోయింది. ఆ డిసెంబరులో ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ ఆ టెలికం సంస్థ ఈ-కేవైసీని (ఆధార్‌తో ఆన్‌లైన్‌లో చేసే కేవైసీని) నిలిపేసింది కూడా.

కాబట్టి ఏ ఆఫీసుకూ వెళ్లకముందే బ్యాంకు పేరు తెలుసుకోండి. మైఆధార్ వెబ్‌సైట్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కండి. ఆధార్ చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు, యాక్టివ్ లేదా ఇనాక్టివ్ అన్న మాట, చివరిగా మారిన తేదీ కనబడతాయి. ఖాతా నంబరు ఉండదు. ఆ తేదీని వదలకండి. కొత్త ఖాతా తెరిచిన నెలతో అది సరిపోతే కారణం దొరికినట్టే. నెట్ సెంటర్‌లో చూపించుకుంటే ఓటీపీ మీరే టైపు చేసి, పని కాగానే లాగౌట్ చేయించండి. నెట్ లేని ఫోన్ నుంచి *99*99*1# కొట్టి ఆధార్ నంబరు ఇచ్చి కూడా చూడొచ్చు. ఓటీపీ ఎప్పుడో పోయిన పాత నంబరుకు వెళ్తుంటే ముందు ఆధార్ సెంటర్‌లో మొబైల్ నంబరు మార్పించాలి. పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు సేవలున్న చోట పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి చేస్తాడు.

తెర మీద వేరే పేరు కనబడగానే కంగారు పడొద్దు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. గ్రామీణ వికాస్ బ్యాంకు మన రాష్ట్రంలోని శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాస్‌బుక్కు మీద పాత పేరు, తెర మీద కొత్త పేరు ఉన్నా అది మీ బ్యాంకే కావచ్చు.

నిజంగానే వేరే బ్యాంకైతే పని రెండు ముక్కలు. ఇప్పటికే పడిన డబ్బు ఆ ఖాతాలోనే ఉంటుంది. అక్కడి నుంచే తీసుకోవాలి, సీడింగ్ మార్చినంత మాత్రాన అది వెనక్కి రాదు. ఇక ముందు వచ్చేదాని కోసం, మీకు కావలసిన బ్యాంకుకు ఆధార్, పాస్‌బుక్కుతో వెళ్లి ‘డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ ఫారం’ అని స్పష్టంగా అడగండి. డీబీటీ అంటే పథకం డబ్బు నేరుగా ఖాతాలో పడటం. ‘ఆధార్ లింక్ చేయండి’ అంటే మళ్లీ కేవైసీయే చేసి పంపేస్తారు. ఫారంలో ఇప్పుడున్న బ్యాంకు పేరు రాసే చోటు ఉంటుంది. చాలామంది అది ఖాళీగా వదిలేస్తారు, మార్పు అక్కడే ఆగిపోతుంది. తెర మీద చూసిన పేరు అక్కడ రాసి, తేదీతో రసీదు తీసుకోండి. వారం తర్వాత మళ్లీ స్టేటస్ చూడండి. కొన్ని బ్యాంకులకైతే ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లోనే ఈ మార్పు చేసుకునే వీలుంది.

సీడింగ్ సరిగ్గా ఉండి కూడా పీఎం కిసాన్ రాకపోతే ఆ పథకం వెబ్‌సైట్‌లో ‘నో యువర్ స్టేటస్’లో రిజిస్ట్రేషన్ నంబరు కొట్టండి. ఈ-కేవైసీ, ల్యాండ్ సీడింగ్ (మీ భూమి వివరాలు పథకంలో ఎక్కడం), ఆధార్ బ్యాంక్ సీడింగ్ మూడూ ‘యెస్’ ఉండాలి. ల్యాండ్ సీడింగ్ ‘నో’ అని ఉంటే బ్యాంకు చుట్టూ తిరగడం దండగ. పాస్‌పుస్తకం పట్టుకుని రైతు సేవా కేంద్రానికి, వీఆర్వో దగ్గరకు వెళ్లాలి. ఉపాధి హామీ కూలీకి 2024 జనవరి 1 నుంచి ఆధార్ మీదే చెల్లింపు. అక్కడ ఎక్కువగా తగిలే చిక్కు జాబ్ కార్డులో, ఆధార్‌లో పేర్లు కలవకపోవడం. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరమే ఉన్నా పేచీయే.

పలాస చుట్టుపక్కల ఇంకో బాధ ఉంది. జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు పిక్క నూనెకు కాలి, తొక్క ఊడి, గీతలు అరిగిపోతాయి. వేలిముద్ర యంత్రం పదే పదే ‘ఫెయిల్’ అంటుంది. తప్పు ఆమెది కాదు, కానీ పని మానుకుని మర్నాడు మళ్లీ రావాల్సింది ఆమే. గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగి, తుడిచి, వేలిని అదిమిపెట్టకుండా పూర్తిగా ఆనించాలి. బొటనవేలు పడకపోతే ఉంగరపు వేలు, చిటికెన వేలు చూడండి. పిక్కలు కొట్టేటప్పుడు వాటి మీద భారం తక్కువ. అదీ కాకపోతే పీఎం కిసాన్ ఈ-కేవైసీకి ఆ పథకం యాప్‌లో ముఖం చూపించే పద్ధతి ఉంది. ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఉండాలి. వెలుతురు ముఖం మీద పడేలా నిలబెట్టి, చెప్పినప్పుడు కళ్లు ఆర్పమనండి. వెలుతురు వీపు వైపు ఉంటే అదీ ఫెయిలే.