బైబిలు సొంతంగా చదవడం – 4వ పాఠం: ఒక మాట వెంట పడటం

పోయిన పాఠంలో ఒక అధ్యాయం మొత్తం ఏకబిగిన చదవమన్నాను. ఈసారి ఒక్క మాట పట్టుకుని, అది ఎక్కడ కనిపిస్తే అక్కడికి వెళ్దాం. ఆ మాట 'క్రైస్తవుడు'.

బైబిలంతా తిరగెయ్యాలేమోనని టెన్షన్ పడకండి. ఉన్నది మూడే చోట్ల: అపొస్తలుల కార్యములు 11:26, 26:28, మొదటి పేతురు 4:16. 'శిష్యుడు' అన్న మాటేమో గ్రీకు మూలంలో 250 సార్లకు పైగా వస్తుంది. రోజూ వాడే మాట ఇంత అరుదా అని మొదట నేనూ నమ్మలేదు.

మూడూ చదివి, ఆ మాట ఎవరి నోట వచ్చింది, ఏ సందర్భంలో అన్నది నోటుబుక్కులో రాయండి. రెండోచోట అంటున్నది అగ్రిప్ప రాజు, సంకెళ్లతో నిలబడ్డ పౌలుతో. మూడోచోట ఆ పేరు వల్ల బాధలొస్తే సిగ్గుపడొద్దంటున్నాడు పేతురు. మొదటిచోట శిష్యులు క్రైస్తవులు 'అనబడిరి'. ఆ క్రియ దగ్గర కాసేపు ఆగండి. అది వాళ్లు పెట్టుకున్న పేరులా లేదు. 'హేరోదీయులు' అంటే హేరోదు మనుషులు. ఇదీ అదే తీరు: క్రీస్తు మనుషులు. బయటివాళ్లే అలా పిలిచి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం.

ఇప్పుడు అసలు కిటుకు. మాట దొరికాక, దాని ముందూ వెనకా చదవాలి. 11:26ని సండే స్కూల్లో కంఠత వాక్యంగా అప్పజెప్పి పెన్సిల్ బాక్సు కొట్టేశాను గానీ, 27వ వచనం పెద్దయ్యేదాకా చూడలేదు!

19 నుంచి 30 దాకా చదవండి. ఊరు అంతియొకయ, ఇప్పటి టర్కీలోని అంతాక్యా. అక్కడ గ్రీకువాళ్లకూ సువార్త చెప్పారు. బర్నబా, సౌలు (పైన చూసిన పౌలే) ఏడాది పాటు బోధించారు. పేరు వచ్చింది. వెంటనే కరువు మాట! అది క్లౌదియ చక్రవర్తి (క్రీ.శ. 41–54) కాలంలో వచ్చింది. సుమారు 500 కిలోమీటర్ల అవతల యూదయలో ఉన్న సహోదరులకు, ఎవరి శక్తి కొద్దీ వాళ్లు డబ్బు పోగుచేసి పంపారు. క్రైస్తవులన్న పేరు పడ్డాక, ఈ పుస్తకం రాసిన లూకా వాళ్ల గురించి చెప్పిన మొదటి పని ఇదే. పాటల గురించి గానీ కట్టడం గురించి గానీ ఒక్క ముక్క లేదు.

ఇంటిపని: లూకా 14:25–33లో 'నా శిష్యుడు' మూడుసార్లు వస్తుంది. ప్రతిసారీ దానికి ముందు ఏ షరతు ఉందో రాసి పెట్టుకోండి. 5వ పాఠం అక్కణ్ణుంచే మొదలు.