క్రూయిజ్ ఓడ నడిసముద్రంలో ఆగితే: నల్గొండ, పాలమూరు ప్రయాణికులు ముందే చూసుకోవలసినవి

నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీలో వెళ్తుండగా ఇంజను మొరాయిస్తే ఒడ్డు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, మరో లాంచీ వచ్చేదాకా నల్లమల కొండలు చూస్తూ కూర్చోవచ్చు, పొద్దుగూకేలోగా ఏదో ఒక దారి దొరుకుతుంది. సముద్రం మీద క్రూయిజ్ ఓడ చెడిపోతే సంగతి వేరు. అప్పుడు కూడా ప్రయాణికులకు ప్రాణాపాయం కలగడం అరుదే. నష్టం ఎక్కువగా ఓడ బయట జరుగుతుంది: ఆ ప్రయాణానికి ముందూ వెనుకా మనం బిగించి కట్టుకున్న విమానం టికెట్టులో, రైలు రిజర్వేషనులో, సెలవు దరఖాస్తులో, ఇంట్లో పెట్టుకున్న ముహూర్తంలో. సముద్రానికి ఇంత దూరాన ఉన్న మన జిల్లాల వారికి ఈ ముడులు మరీ ఎక్కువ కాబట్టి, జాగ్రత్తలన్నీ ఆ ముడులను కాస్త వదులుగా ఉంచడం చుట్టూనే తిరుగుతాయి.

ఇది నేను డబ్బు పెట్టి నేర్చుకున్న విషయం. కొన్నేళ్ల కిందట మా ఇంటి నలుగురం సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కు వెళ్లాము. రెండో రోజు సాయంత్రం ఓడ వేగం తగ్గింది. ఓడను నడిపే యంత్రాల్లో ఒకటి పనిచేయడం లేదని, ఫుకెట్‌లో ఆగడం లేదని రాత్రి భోజనాల వేళ మైకులో చెప్పారు. చివరి రోజు ఉదయం ఆరు గంటలకు చేరవలసిన ఓడ రాత్రి ఎనిమిదికి చేరింది. మేము తెలివిగా అనుకుని అదే మధ్యాహ్నానికి హైదరాబాద్ విమానం పెట్టుకున్నాము, మరునాడు నల్గొండలో మా మేనకోడలి నిశ్చితార్థం ఉండింది. మేనమామ లేకుండానే తాంబూలాలు మార్చుకున్నారు. నాలుగు కొత్త విమానం టికెట్లకు, ఒక రాత్రి హోటలుకు పెట్టిన ఖర్చు ముందు ఓడ కంపెనీ తిరిగి ఇచ్చిన ఫుకెట్ రేవు రుసుము ఏ మూలకూ రాలేదు.

చెడిపోయేది ఏమిటి

నేటి క్రూయిజ్ ఓడల్లో చాలావరకు డీజిల్ జనరేటర్లు విద్యుత్తు పుట్టిస్తాయి, ఆ విద్యుత్తుతోనే ఓడను నడిపే మోటార్లూ, వంటశాలలూ, ఏసీలూ, మంచినీటి యంత్రాలూ, మరుగుదొడ్లూ పనిచేస్తాయి. అందువల్ల చెడిపోవడంలో రెండు రకాలున్నాయి. మొదటిది నడిపే భాగానికి, అంటే ప్రొపెల్లర్ మోటారుకో దాని బేరింగుకో వచ్చే లోపం. అప్పుడు దీపాలు వెలుగుతూనే ఉంటాయి, భోజనం అందుతూనే ఉంటుంది, కానీ ఓడ నెమ్మదిగా నడుస్తుంది, ఒకటి రెండు రేవులు రద్దవుతాయి, తిరుగు సమయం జారిపోతుంది. మాకు ఎదురైంది ఇదే, ఎక్కువమందికి ఎదురయ్యేదీ ఇదే.

రెండోది జనరేటర్ గదిలో మంటలు రేగి విద్యుత్తు మొత్తం పోవడం. 2013 ఫిబ్రవరిలో అమెరికాలోని గాల్వెస్టన్ నుంచి నాలుగు రోజుల ప్రయాణానికి బయలుదేరిన కార్నివాల్ ట్రయంఫ్ ఓడకు జరిగింది ఇదే. ఒక జనరేటరు నుంచి ఇంధనాన్ని తిరిగి ట్యాంకుకు తీసుకెళ్లే గొట్టం లీకై నిప్పంటుకుంది, దాదాపు 4,200 మంది ఉన్న ఓడ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కొట్టుకుపోసాగింది, టగ్గులు లాక్కెళ్లి మొబైల్ నగరపు రేవుకు చేర్చేసరికి నాలుగు రోజులు పట్టింది. ఓడల్లోని మరుగుదొడ్లు గాలిని పీల్చే యంత్రాలతో నడుస్తాయి కనుక కరెంటు పోగానే అవి నిలిచిపోయాయి; క్యాబిన్లలో ఉక్క భరించలేక జనం పరుపులు తెచ్చుకుని డెక్కుల మీద పడుకున్నారు. రేవు చేరాక ప్రయాణికులను ఎక్కించుకున్న బస్సుల్లో ఒకటి దారిలో చెడిపోయిందంటే వారి గ్రహచారాన్ని ఊహించుకోవచ్చు. మనకు దగ్గరి సముద్రంలో చూస్తే, 2012 ఫిబ్రవరిలో వెయ్యిమందికి పైగా ఉన్న కోస్టా అలెగ్రా ఇలాగే సీషెల్స్ సమీపాన జనరేటర్ గదిలో మంటల వల్ల ఆగిపోగా, ఫ్రాన్స్‌కు చెందిన ఒక చేపల ఓడ దాన్ని మాహే దీవిదాకా లాక్కెళ్లింది.

విద్యుత్తు మొత్తం పోయినా ప్రయాణికుల ఓడల్లో అత్యవసర విద్యుత్తు 36 గంటలపాటు అందాలని సముద్ర భద్రతకు సంబంధించిన సోలాస్ ఒప్పందం చెబుతుంది. అయితే అది అత్యవసర దీపాలకూ, రేడియోకూ, మంటలార్పే పంపులకూ ఉద్దేశించినదే తప్ప ఏసీలకు కాదు. 2010 జూలై 1 నుంచి కట్టిన పెద్ద ప్రయాణికుల ఓడలకు మరో నియమం వచ్చింది: నిర్ణీత పరిమితిలో మంటలో నీరో వచ్చినా ఓడ తన శక్తితోనే రేవుకు చేరగలగాలి, అందాకా ప్రయాణికులకు నీరు, ఆహారం, మరుగుదొడ్డి అందాలి. అందుకే ఏజెంటు ఓడ బొమ్మలు చూపించినప్పుడు దానిలోని ఈతకొలనుల సంఖ్య కన్నా దాన్ని కట్టిన సంవత్సరం అడగడం మేలు. పాత ఓడలన్నీ చెడ్డవని కాదు. తేడా ఏమిటో తెలిసి ఎక్కాలి.

బుకింగుకు ముందు

ఓడ ఎక్కే రేవుకు ఒక రోజు ముందే చేరుకోవాలి, దిగిన రోజు కాక మరునాడు తిరుగు ప్రయాణం పెట్టుకోవాలి. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోదలచినవారు దీన్నే గుర్తుంచుకోవచ్చు. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ దగ్గరే. నల్గొండ వారు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కుతారు. ఆ దారి మనకు అలవాటే కాబట్టి ఇంటినుంచి విమానం దాకా లెక్క తప్పము, విమానం దిగాక ఓడ దాకా ఉన్న లెక్కనే అశ్రద్ధ చేస్తాము. ఎక్కేటప్పుడు మనం ఆలస్యమైతే ఓడ మనకోసం ఆగదు. దిగేటప్పుడు ఓడ ఆలస్యమైతే విమానం ఆగదు. చెన్నై నుంచో ముంబై నుంచో ఓడ ఎక్కి రైలులో తిరిగి రావాలనుకునేవారికీ ఇదే లెక్క, పైగా పండుగ రోజుల్లో తప్పిన రైలుకు బదులు మరో బెర్తు దొరకడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు.

తిరిగి వచ్చిన తర్వాత కనీసం రెండు రోజులపాటు తప్పించుకోలేని పని ఏదీ ఉండకూడదు. పెళ్లి, గృహప్రవేశం, పిల్లల పరీక్ష, ఆసుపత్రిలో ముందే తీసుకున్న తేదీ, రిజిస్ట్రేషను ఆఫీసులో స్లాటు, ఇవన్నీ ఆ రెండు రోజుల అవతలికి జరపాలి. ఉద్యోగులు సెలవును ఒక రోజు ఎక్కువగా మంజూరు చేయించుకుని, అవసరం లేకపోతే ముందే విధుల్లో చేరడం, సముద్రం మీదనుంచి పొడిగింపు కోసం వేడుకోవడం కన్నా గౌరవంగా ఉంటుంది.

ఓడ ఆరోగ్యం గురించి ఇంట్లో కూర్చునే కొంత తెలుసుకోవచ్చు. మెరైన్ ట్రాఫిక్, వెసెల్ ఫైండర్ వంటి సైట్లలో ఓడ పేరు కొడితే అది ఎక్కడ ఉందో, ఎంత వేగంతో వెళ్తోందో కనిపిస్తుంది. ప్రయాణానికి ముందు రెండు మూడు వారాలు గమనించి, ప్రకటించిన వేళలకు రేవులు చేరుతోందా లేదా చూడవచ్చు. మరమ్మతుల కోసం డ్రై డాక్‌కు వెళ్లిన ఓడ తిరిగి వచ్చి చేసే మొదటి ప్రయాణాన్ని నేనైతే ఎంచుకోను, ఎందుకంటే అక్కడి పని నాలుగు రోజులు సాగితే మొదట రద్దయ్యేది ఆ ప్రయాణమే. మరమ్మతు ఎంత సాగగలదో 2024లో విల్లా వీ ఒడిస్సీ చూపించింది: ఏళ్ల తరబడి ప్రపంచాన్ని చుట్టడానికి మే నెలలో బయలుదేరవలసిన ఆ ఓడ బెల్‌ఫాస్ట్ రేవులో సుమారు నాలుగు నెలలు ఆగిపోయింది.

విదేశీ ప్రయాణమైతే వీసా దగ్గర మరింత జాగ్రత్త అవసరం. సింగపూర్‌లో ఓడ ఎక్కి, వేరే దేశపు రేవు తాకి, తిరిగి సింగపూర్‌లో దిగడమంటే ఆ దేశంలోకి రెండోసారి ప్రవేశించడమే, కాబట్టి వీసా ఒక్క ప్రవేశానికి మాత్రమే ఇచ్చినదై ఉండకూడదు. వీసా గడువు తిరుగు తేదీతోనే ముగియకుండా పైన కొన్ని రోజులు మిగలాలి. చెడిపోయిన ఓడను అనుకోని దేశపు రేవుకు మళ్లిస్తే, అక్కడి వీసా లేని భారతీయులు దిగడానికి ఆ దేశపు అధికారుల అనుమతి కోసం ఎదురుచూడవలసి రావచ్చు. అప్పుడు పాస్‌పోర్టు, వీసా, బీమా పత్రాల నకళ్లు ఫోనులోనూ కాగితం మీదా ఉంటే పని త్వరగా తెములుతుంది.

బీమా విషయంలో అడగవలసిన ప్రశ్నలు మూడు. ఓడ యంత్రలోపం వల్ల ప్రయాణం మధ్యలో ఆగితే పాలసీ వర్తిస్తుందా? ఓడ ఆలస్యం వల్ల విమానం తప్పితే, అంటే పాలసీలోని రవాణా సాధనం అన్న మాటలో ఓడ కూడా ఉంటే, కొత్త టికెట్టు ఖర్చు ఇస్తారా? రద్దయిన రేవుకు ఏమైనా ఇస్తారా? చాలా పాలసీలు విమానం ఆలస్యాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే. ఈ ప్రశ్నలను మెయిల్‌లో పంపి జవాబును మెయిల్‌లోనే తెప్పించుకోవాలి. "అన్నీ కవర్ అవుతాయి సార్" అని ఫోనులో ఏజెంటు చెప్పే మాట జవాబు కాదు. అలాగే డబ్బు నగదుగా ఇవ్వకుండా కార్డుతోనో బ్యాంకు ద్వారానో కట్టి, జీఎస్టీ బిల్లు, ఓడ కంపెనీ షరతుల పూర్తి ప్రతి తీసుకోవాలి. ఆ షరతుల్లో రేవులను మార్చే, వదిలేసే హక్కు కంపెనీకి ఉంటుందని దాదాపు ఎప్పుడూ రాసి ఉంటుంది. ఓడ చెడిపోతే ఏమిస్తారన్నది వేరే చోట, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సామానులో ఒక చేతిసంచి ప్రత్యేకంగా ఉంచుకోవాలి. బీపీ, షుగరు మాత్రలు ప్రయాణపు రోజులకు ఐదారు రోజులు అదనంగా, వైద్యుని చీటీతో సహా అందులో ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు దాన్ని చల్లగా ఉంచే సంచి తీసుకోవాలి, ఎందుకంటే క్యాబిన్లోని చిన్న ఫ్రిజ్ కరెంటు పోతే పనిచేయదు. టార్చి, పవర్ బ్యాంకు, తడి టిష్యూలు, రెండు జతల నూలు బట్టలు చాలు. సకినాలు, గారెలు వంటివి కొంచెం పెట్టుకోవచ్చు గానీ, ఓడ నియమాలూ దిగే దేశపు నియమాలూ ముందు చూసుకోవాలి.

ఓడ ఆగిన తర్వాత

మొదట మైకులో చెప్పేది పూర్తిగా వినాలి, సిబ్బంది చెప్పిన చోటికి వెళ్లాలి. 2019 మార్చిలో తుఫానులో నార్వే తీరాన ఇంజన్లు ఆగిన వైకింగ్ స్కై నుంచి 479 మందిని హెలికాప్టర్లతో ఒక్కొక్కరిగా పైకి లాగిన పని అంత క్రమంగా సాగిందంటే అందరూ కూడిన చోట కూర్చుని వంతు కోసం ఆగడం వల్లనే. ఫోనును వెంటనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. తీరానికి దూరంగా ఉన్నప్పుడు ఫోను ఓడలోని శాటిలైట్ నెట్‌వర్కును పట్టుకుంటే మామూలు రోమింగు ప్యాకు దానికి వర్తించకపోవచ్చు, నాలుగు నిమిషాలు ఇంటికి మాట్లాడినా బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. ఓడ వైఫైలో ఒక్క సందేశం పంపి, ఇంట్లో ఒకరిని మిగతావారికి చెప్పే బాధ్యతలో పెడితే సరిపోతుంది.

ఆ తర్వాత రిసెప్షను కౌంటరు దగ్గరకు వెళ్లి, ఆలస్యానికి కారణం, ఎన్ని గంటలు ఆలస్యమైంది, ఏ రేవు రద్దయింది అన్నవి రాసిన ఉత్తరం అడగాలి. బీమా కంపెనీ మొదట అడిగేది ఇదే కాగితం, ఇంటికి వచ్చాక దీన్ని తెప్పించుకోవడానికి నెలలు పడుతుంది. మేము ఆ రోజు గొడవ పడ్డవారి వరుసలో నిలబడ్డాము గానీ ఉత్తరం అడగలేదు. రోజూ క్యాబిన్లో పెట్టే కార్యక్రమాల కాగితం, మార్చిన వేళల నోటీసు, చివరి బిల్లు కూడా దాచుకోవాలి. విమానం తప్పబోతోందని తెలియగానే, అది బయలుదేరకముందే, రద్దు చేసుకోవడమో తేదీ మార్చుకోవడమో చేయాలి. ఎక్కకుండా వదిలేసిన టికెట్టుకు తిరిగి వచ్చేది చాలా తక్కువ.

ఇంటికి వచ్చాక

ఈ రంగపు సంఘమైన క్రూయిజ్ లైన్స్ ఇంటర్నేషనల్ అసోసియేషన్ 2013 మే నెలలో ప్రయాణికుల హక్కుల పత్రం ఒకటి ప్రకటించింది. యంత్రలోపంతో ప్రయాణం రద్దయితే మొత్తం డబ్బు, మధ్యలో ముగిస్తే కొంత డబ్బు, ఇంటి ఊరికో దిగవలసిన రేవుకో రవాణా, అనుకోని రేవులో రాత్రి ఉండవలసి వస్తే బస అన్నవి అందులో ఉన్నాయి. అది ముఖ్యంగా అమెరికాలో టికెట్టు కొన్నవారిని ఉద్దేశించినది కాబట్టి, హైదరాబాద్‌లో బుక్ చేసుకున్నవారు దాని మీదే ఆధారపడకూడదు. కానీ కంపెనీకి రాసే ఉత్తరంలో ఉదహరించడానికి అది పనికొస్తుంది.

ముందు ఓడ కంపెనీకి, ఏజెంటుకు కలిపి ఒకే మెయిల్ రాసి, అయిన ఖర్చుల బిల్లులు జతపరచి, జవాబుకు గడువు పెట్టాలి. వచ్చే ప్రయాణంలో రాయితీ ఇస్తామని కూపను పంపితే, అది తీసుకోవడం వల్ల మిగతా హక్కులు వదులుకున్నట్టు అవుతుందా అని చదివి చూడాలి. జవాబు తృప్తిగా లేకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అదీ తెమలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, మనవాళ్లు ఇప్పటికీ ఫోరం అనే పిలుస్తారు, ఉండనే ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు, కాబట్టి నల్గొండ వారు నల్గొండలో, పాలమూరు వారు మహబూబ్‌నగర్‌లో వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉందని అక్కడికి పరుగెత్తనక్కరలేదు. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది, 5 లక్షల లోపు అయితే రుసుము కూడా లేదు. నష్టం జరిగిన నాటినుంచి రెండేళ్ల లోపు వేయాలి. విదేశీ ఓడ కంపెనీతో పాటు ఇక్కడ డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చిన ఏజెంటును కూడా ఎదుటి పక్షంగా చేర్చాలి, లేకపోతే నోటీసు ఏ సముద్రం దాటి ఎప్పుడు చేరుతుందో చూస్తూ కూర్చోవలసి వస్తుంది.