పీఎల్‌సీ అడ్రస్‌లను స్క్రిప్ట్‌తో ముక్కలుగా విడగొట్టడం ఎలా?

పాత ఎస్ఎల్‌సీ 500 (మెషీన్‌ను నడిపే కంట్రోలర్, అంటే ఒక రకం పీఎల్‌సీ) ఉన్న మెషీన్‌కి కొత్త స్కాడా (మెషీన్ విలువల్ని స్క్రీన్ మీద చూపే సాఫ్ట్‌వేర్) పెట్టాలన్నా, అసలు కంట్రోలరే మార్చాలన్నా ముందు కావాల్సింది శుభ్రమైన అడ్రస్‌ల లిస్టు, అంటే కంట్రోలర్ మెమరీలో ఏ విలువ ఎక్కడుందో చెప్పే పేర్లు. దాని ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఆర్ఎస్‌లాజిక్స్ 500 నుంచి సీఎస్‌వీగా ఎక్స్‌పోర్ట్ చేస్తే లిస్టు చేతికొస్తుంది గానీ, అందులో ఒక్కో అడ్రస్ ఒక్కో పొడవు ఉంటుంది. ఎక్సెల్‌లో లెఫ్ట్, మిడ్ ఫార్ములాలు పెట్టి "మూడో అక్షరం నుంచి రెండు తీసుకో" అంటే మొదటి పది లైన్లకు పనిచేసి పదకొండో లైన్‌లో తప్పుతుంది. అక్షరాలు లెక్కపెట్టొద్దు. కోలన్, చుక్క, స్లాష్ ఎక్కడున్నాయో చూసి అక్కడ విడగొట్టాలి.

ముందు మీ లిస్టులో ఎన్ని రకాలున్నాయో చూసుకోండి. మామూలుగా కనిపించేవి ఇవి:

ఎన్7:12/3
టీ4:2.ఏసీసీ
టీ4:2/డీఎన్
ఐ:2.1/3
బీ3/17
ఎస్‌టీ9:0

మొదట ఫైల్ రకం చెప్పే అక్షరం (ఎస్‌టీ లాంటి వాటికి రెండు), తర్వాత ఫైల్ నంబర్, కోలన్ తర్వాత ఎలిమెంట్, చుక్క తర్వాత సబ్‌ఎలిమెంట్, స్లాష్ తర్వాత బిట్. ఇందులో రకం తప్ప ఏ ముక్కైనా లేకుండా పోవచ్చు, అసలు ఇబ్బందంతా అక్కడే. ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకు ఫైల్ నంబర్ రాయరు, బీ3/17 లో అయితే ఎలిమెంటే ఉండదు.

పైథాన్‌లో ఈ ఒక్క ప్యాటర్న్ (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్) పైవన్నిటికీ సరిపోతుంది:

([^0-9:/.]+)([0-9]*)(?::([0-9]+))?(?:\.([^:/.]+))?(?:/([^:/.]+))?

(?: తో మొదలయ్యేవి కాకుండా మిగిలిన ఐదు బ్రాకెట్లలో ఐదు ముక్కలు పడతాయి. బ్రాకెట్ మూసాక చివర ఉన్న ప్రశ్నార్థకం గుర్తుకు "ఈ ముక్క ఉంటే తీసుకో, లేకపోతే వదిలెయ్" అని అర్థం. టీ4:2.ఏసీసీ ఇస్తే టీ, 4, 2, ఏసీసీ వస్తాయి, ఐదోది నన్‌గా (పైథాన్‌లో "ఏమీ లేదు" అని) ఉంటుంది.

దీన్ని పైథాన్ రీ మాడ్యూల్‌లోని (ప్యాటర్న్‌లు వెతికేది) మ్యాచ్‌తో కాకుండా ఫుల్‌మ్యాచ్‌తోనే వాడండి. ఎన్7:[ఎన్7:0] లాంటి ఇన్‌డైరెక్ట్ అడ్రస్ (ఎలిమెంట్ నంబర్‌ను ఇంకో అడ్రస్‌లోంచి తీసుకునేది) వచ్చిందనుకోండి, మ్యాచ్ అయితే ముందున్న ఎన్7 వరకు సరిపోయింది కదా అని దాన్నే పట్టుకొచ్చి ఇస్తుంది, ఎర్రర్ రాదు, మీ టేబుల్‌లో ఒక తప్పు లైన్ చేరుతుంది, అది ఎప్పటికో స్కాడా స్క్రీన్ మీద తప్పు విలువగా బయటపడుతుంది. ఫుల్‌మ్యాచ్ అయితే మొత్తం సరిపోకపోతే ఏమీ ఇవ్వదు. అలా మిగిలినవాటిని పారేయకుండా వేరే ఫైల్‌లో రాసిపెట్టి ఒక్కొక్కటీ కంటితో చూడండి. దీనికి మాత్రం బద్ధకించొద్దు.

ఇంకొక జాగ్రత్త ఉంది. పై ప్యాటర్న్‌కి "మోటార్" అని ఇచ్చినా అదేదో ఫైల్ రకం అనుకుని ఒప్పుకుంటుంది. అందుకే మొదటి ముక్క మీ ప్రోగ్రాంలో ఉన్న రకాల్లో (ఓ, ఐ, ఎస్, బీ, టీ, సీ, ఆర్, ఎన్, ఎఫ్, ఎస్‌టీ వగైరా) ఉందో లేదో చూడండి. దానికన్నా ముందే స్పేస్‌లు తీసేసి, అన్నీ పెద్ద అక్షరాలు చేసి, అడ్రస్ ముందు # ఉంటే దాన్ని వేరే కాలమ్‌లోకి మార్చండి. లైన్‌ను కామాల దగ్గర మీరే విడగొట్టొద్దు, డిస్క్రిప్షన్‌లోనూ కామాలుంటాయి. సీఎస్‌వీ మాడ్యూల్‌తోనే చదవండి.

విడగొట్టడం అయ్యాక లేని ముక్కల చోట ఖాళీలు పూడ్చాలి. ఫైల్ నంబర్ లేకపోతే ఓ కి 0, ఐ కి 1, ఎస్ కి 2. ఐ:2/3 అన్నా ఐ:2.0/3 అన్నా ఒకటే కాబట్టి ఐ, ఓ లలో సబ్‌ఎలిమెంట్ లేకపోతే 0 వేసుకోండి. బీ3/17 అంటే ఫైల్ మొదలు నుంచి లెక్కేసిన బిట్, వర్డ్‌కి 16 బిట్లు గనక 17ని 16తో భాగిస్తే భాగఫలం 1 ఎలిమెంట్, శేషం 1 బిట్, అంటే అది బీ3:1/1. ఈ మార్పు చేయకపోతే ఒకే బిట్ రెండు పేర్లతో రెండుసార్లు లిస్టులో కూర్చుంటుంది. టైమర్లకూ ఇలాగే పేర్లను నంబర్లుగా మార్చే ఒక చిన్న డిక్షనరీ పెట్టుకోండి: ఈఎన్ 15, టీటీ 14, డీఎన్ 13 బిట్లు, పీఆర్ఈ 1, ఏసీసీ 2 వర్డ్‌లు. కౌంటర్ల బిట్ల పేర్లు వేరు (సీయూ 15, సీడీ 14, డీఎన్ 13) కాబట్టి వాటికి వేరే డిక్షనరీ కావాలి.

మీది పీఎల్‌సీ-5 (ఇంకో రకం కంట్రోలర్) అయితే ఐ, ఓ అడ్రస్‌లు ఆక్టల్‌లో (0 నుంచి 7 వరకు అంకెలతోనే లెక్కించే పద్ధతి) ఉంటాయి. ఐ:012/17 లో 01 ర్యాక్, 2 గ్రూప్, 17 టెర్మినల్. అది పదిహేడు కాదు, మన లెక్కలో పదిహేను. ఇంట్ ఫంక్షన్‌కి రెండో విలువగా 8 ఇస్తే మార్చి ఇస్తుంది. ఎన్, బీ లాంటి ఫైళ్లకు మాత్రం ఇలా చేయకండి, అవి మామూలు డెసిమల్.

సరిచూడ్డానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది: పూడ్చకముందు ఉన్న ముక్కల్నే మళ్లీ కోలన్, చుక్క, స్లాష్ పెట్టి అతికించి, శుభ్రం చేసిన అసలు అడ్రస్‌తో పోల్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ లైన్ దగ్గర స్క్రిప్ట్ ఆగిపోవాలి.

ఇక వరుసలో పెట్టడం. అడ్రస్‌ను టెక్స్ట్‌గానే సార్ట్ చేస్తే ఎన్7:2 కంటే ముందు ఎన్7:10 వస్తుంది, కాబట్టి ముక్కల్ని అంకెలుగా మార్చి, ఆ వరుసతో ఒక టపుల్ (పైథాన్‌లో విలువల వరుస) చేసి, దాన్నే సార్ట్ కీగా ఇవ్వండి. లేని ముక్కకు నన్ బదులు -1 వేయండి, లేదంటే పైథాన్ నన్‌నీ అంకెనీ పోల్చలేక టైప్ ఎర్రర్ ఇస్తుంది.

ఫలితాన్ని ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయకుండా డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి, కాలమ్‌లన్నీ టెక్స్ట్ అని ఎంచుకోండి. లేకపోతే 012 కాస్తా 12 అయిపోతుంది, ఎలిమెంట్, బిట్ కలిపి 2/3 అని ఒకే కాలమ్‌లో పెట్టి ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది.